శాతయ్యకు ఒక సున్న

దోర్కమ్మ రిటైరైన రోజున కంపెనీ క్యాంటీన్‌లోనే చిన్న సభ పెట్టారు. నాచారంలో మందులు తయారుచేసే కంపెనీ అది. అందులో ఇరవై తొమ్మిదేళ్లు ఆమె లేబుళ్ల గదిలో పనిచేసింది. సీసాలకూ డబ్బాలకూ అతికించే లేబుళ్లు ప్రెస్సు నుంచి కట్టలు కట్టలుగా వచ్చేవి. మందు పేరు సరిగ్గా పడిందా, బ్యాచ్ నంబరు ఉందా, గడువు తేదీ ఉందా, చుక్క ఉండాల్సిన చోట చుక్క ఉందా అని చూసి, తప్పున్నవాటిని ఎర్ర డబ్బాలో వేయడం ఆమె పని. పెళ్లినాటికి ఆమె చదువు మూడో తరగతి. మొదట ప్యాకింగ్‌లో చేరింది. అన్నం తినే అరగంటలో లేబుళ్లు ముందు పెట్టుకుని కూడబలుక్కుంటూ తెలుగూ, ఇంగ్లీషూ రెండూ పట్టేసింది.

క్వాలిటీ మేనేజరు సత్యనారాయణమూర్తి గారు మైకు అందుకుని, "దోర్కమ్మగారి కళ్లు దాటి ఈ ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క అచ్చుతప్పు కూడా గేటు బయటికి పోలేదండీ!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగీ ఆగకముందే వెనక కుర్చీలోంచి ఆమె భర్త శాంతయ్య లేచి నిలబడ్డాడు.

"ఒకటి వోయింది సార్!"

హాలంతా వెనక్కి తిరిగింది. శాంతయ్య తాపీగా ముందుకు నడిచివచ్చి, దండ వేసుకుని కూర్చున్న భార్య కుడిచేయి పట్టుకుని పైకెత్తాడు. ముంజేతి లోపలివైపు పాతకాలపు పచ్చబొట్టు. పచ్చదనం నీలంలోకి దిగిపోయింది కానీ అక్షరాలు మాత్రం చక్కగా తెలుస్తున్నాయి: శాతయ్య.

"నా పేరు శాంతయ్య సార్. ఈ శాతయ్య ఎవడో నాకు తెల్వది. ముప్పై తొమ్మిదేండ్ల సంది మా ఇంట్లనే ఉంటుండు."

క్యాంటీన్ పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. సత్యనారాయణమూర్తి గారు మైకు పక్కన పెట్టి కళ్లు తుడుచుకున్నారు. దోర్కమ్మ కూడా నవ్వింది. కానీ ఆ సాయంత్రం చిలకానగర్‌లోని ఇంటికి వెళుతూ ఆటోలో ఒడిలోని పూలదండ సర్దుకుంటూ, "సున్న పెట్టిస్త" అంది.

"ఏంది?"

"నీ సున్న. దినాం పదివేల లేబుళ్లు సూసిన దాన్ని. నా చేతి మీద లేబులు తప్పుతోని పోను."

ఆ సున్న కథ ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే. పెళ్లి ఖాయమైన ఏడాది, జనగామ దగ్గర వాళ్ల ఊరి అంగట్లో పచ్చబొట్లు పొడిచే ముసలామె కూర్చుంది. దోర్కమ్మకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. కాబోయే భర్త పేరు కాగితం మీద చూపించి పొడిపించుకుంది. ఆ ముసలామెకు అక్షరం ముక్క రాదు, సున్నను మింగేసింది. ఇది దోర్కమ్మ చెప్పే కథ.

ఆ రోజు నుంచీ శాతయ్య ఆ ఇంట్లో ఒక మనిషైపోయాడు. డబ్బాలో మురుకులు మాయమైతే శాతయ్య తిన్నట్టు. గ్యాసు కట్టేయడం మరిచిపోతే శాతయ్య మరిచిపోయినట్టు. శాంతయ్యతో మాట్లాడని రోజుల్లో దోర్కమ్మ చేయి చూసుకుంటూ, "నువ్వే నయమయ్యా, ఎదురు మాట్లాడవు" అనేది. ఆమె తమ్ముడు నరేందర్ అయితే బావను పట్టుకుని, "శాతయ్య అంటే శాతగాని అయ్య అన్నట్టా బావా?" అని ప్రతి పెళ్లిలోనూ అనేవాడు. నాచారంలోనే ఇంజినీరింగ్ కంపెనీలో లేత్ మిషను మీద ముప్పై ఏళ్లు ఇనుమును వెంట్రుకవాసి తేడా లేకుండా కోసిన మనిషిని పట్టుకుని చేతకానివాడంటే, శాంతయ్య అందరికంటే పెద్దగా నవ్వేవాడు. నవ్వి, గ్లాసు కింద పెట్టి కాసేపు ఊరుకునేవాడు. ఆ కాసేపును దోర్కమ్మ ఒక్కతే గమనించేది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె నేరుగా భూషణం పాస్టరుగారి దగ్గరికే వెళ్లింది. పచ్చబొట్టు మాట ఎత్తగానే ఆయన కళ్లద్దాలు సవరించుకున్నారు.

"ఈ వయసులో పచ్చబొట్టేందమ్మా? ఒంటి మీద పచ్చబొట్లు వద్దని బైబిల్ల వాక్యం ఉన్నది, తెలుసు గద?"

"తెలుసు అయ్యగారూ. కొత్తది పొడిపించుకుంటలేను. అచ్చుతప్పు దిద్దుకుంటున్న."

పాస్టరుగారు చాలాసేపు ఆలోచించారు. చివరికి చాయ్ తెప్పించారు. దాన్నే ఆమె అనుమతి అనుకుంది.

కూతురు నిస్సి పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. ఫోనులో అందరూ మెచ్చుకున్న టాటూ దుకాణం వెతికి, శనివారం పొద్దున తల్లిని స్కూటీ ఎక్కించుకుంది. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్టేషనుకు కాస్త అవతల, బట్టల దుకాణం పైఅంతస్తు. నల్ల గోడలు, ఎర్ర దీపాలు, గుండె అదిరే పాట. మెడదాకా బొమ్మలున్న నాగచైతన్య అనే కుర్రాడు ఎదురొచ్చి, ఆమె చేయి చూసి పెదవి విరిచాడు.

"ఆంటీ, ఈ పాతదేం బాగుంటుంది? దీని మీద పెద్ద గులాబీ వేసేస్తాను. కింద పేరున్నట్టే తెలీదు."

"ముప్పై తొమ్మిదేండ్ల మొగణ్ని గులాబీ కింద దాసిపెట్టమంటవా బిడ్డా?"

"అయితే సున్నే పెడదాం. రెండు నిమిషాలు. కూర్చోండి."

"కూసుంట గని, సూది సూపియ్యి."

అతను సీలున్న ప్యాకెట్టు తెచ్చి గర్వంగా చూపించాడు. కొత్తదే. దోర్కమ్మ బ్యాగులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, ప్యాకెట్టును తిరగేసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. నిస్సి తల పట్టుకుంది.

"ఆగస్టుకే అయిపోయింది. ఇది నవంబరు."

"సూదికి ఎక్స్‌పైరీ ఏంటాంటీ! ఇనుమే కదా, పాలా?"

"ఇనుముకు గాదు నాయినా. లోపల క్రిములు లేకుంట శుద్ధి జేసినమని రాసిండ్రు సూడు. గా మాటకు గడువు."

నాగచైతన్య ముఖం ఎర్రబడింది. చెడ్డ పిల్లవాడేమీ కాదు. ఎవరూ చెప్పలేదు, అతను చూసుకోలేదు. సొరుగు లాగి ప్యాకెట్లన్నీ బల్ల మీద పోశాడు. దోర్కమ్మకు చేతులు ఆగలేదు. అరగంట కూర్చుని మంచివి ఒకవైపు, గడువు దాటినవి ఒకవైపు వేరుచేసింది. రంగు సీసాలు కూడా తిరగేసి చూసి, మూత తెరిచిన తేదీ రాసి లేనివాటిని అవతలికి నెట్టింది. పాట ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ తెలియదు.

"మమ్మీ, నువ్వు రిటైరైనవ్" అంది నిస్సి.

"అలవాటే, జర ఆగు."

సున్న మాత్రం పెట్టించుకోకుండానే దిగి వస్తుంటే నాగచైతన్య మెట్ల దాకా వచ్చి, "ఆంటీ, మళ్లీ ఎప్పుడైనా రండి, చెక్ చేయడానికైనా" అన్నాడు.

రెండో దుకాణం పీర్జాదిగూడలో. అక్కడ సూదులు, చేతి తొడుగులు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. దోర్కమ్మకు ఆశ కలిగింది. నమూనా చూపిస్తానని ఆ మనిషి కంప్యూటర్లో పేరు కొట్టి తెర ఆమె వైపు తిప్పాడు. యకు యవత్తు కింద చేరలేదు. ఒక య్ విడిగా, దాని పక్కన ఇంకో య విడిగా, తగవు పడ్డ తోడికోడళ్లలా ఎడమొహం పెడమొహంగా నిలబడి ఉన్నాయి.

"ఇదేంది, వత్తు యాడ వోయింది?"

"కంప్యూటర్లో అలాగే వస్తుందమ్మా. చదివితే తెలిసిపోతుంది లెండి."

దోర్కమ్మ తలెత్తి గోడ మీది ఫొటోలు చూసింది. ఒక కండ తిరిగిన భుజం మీద 'అమ్‌మ' అని ఉంది. ఆ భుజం ఎవరిదో, ఆ తల్లి ఎవరో. "పాపం" అని పైకే అనేసి లేచింది.

ఇంటికొచ్చేసరికి శాంతయ్య గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఏమైంది, సున్న దొరికిందా?"

"దొరకలే."

"పోనీ తీయే. శాతయ్య నాక్కూడ అలవాటైండు. ఆయన లేకుంటే మురుకులు ఎవలు తిన్నరని చెప్త?"

"నువ్వు ఊకో" అంది. అప్పటికి ఆమె పట్టుదల సున్నను దాటిపోయింది. సరిగ్గా పనిచేసే మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కరైనా ఉన్నారా లేరా, తేల్చుకోవాలనిపించింది. ఒక భయం కూడా పట్టుకుంది. తన చేతి మీద ఉన్నవి ఆ మూడక్షరాలే. తప్పుడు చేతిలో పడితే సున్న రావడం మాట అటుంచి, ఉన్న పేరు కూడా మరకైపోతుంది.

మూడోది నాచారంలోనే, మల్లాపూర్ వైపు వెళ్లే సందులో, కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పక్కన. ఒకే గది. తెల్ల సున్నం గోడలు, పెద్ద కిటికీ. సుష్మ అనే ముప్పై ఏళ్ల అమ్మాయి ఒక్కతే ఉంది. కాకినాడ పిల్ల. తండ్రి రామ్మోహనరావు అక్కడ దుకాణాలకు బోర్డులు రాసేవాడట. ఈమె అక్షరాలన్నీ ఆయన కుంచె వెనకాల నేర్చినవే.

గోడ మీద పది ఫొటోలే ఉన్నాయి. అందులోని టాటూలు కొంచెం వెలిసినట్టున్నాయి. నిస్సి అదే అంది.

"అవి పొడిచిన రోజు తీసినవి కాదండీ" అంది సుష్మ. "రెండేళ్లు, మూడేళ్లు అయ్యాక వాళ్లని పిలిపించి తీశాను. పొడిచిన రోజు అందరివీ బాగానే ఉంటాయి."

దోర్కమ్మ కూతురి వైపు చూసింది. ఆ చూపు నిస్సికి తెలుసు. పరీక్షలో మొదటి ప్రశ్నకు మార్కులు పడ్డాయన్నమాట. ఆ తర్వాత సూదుల ప్యాకెట్లు, రంగు పోసే చిన్న కప్పులు, వస్తువులు ఆవిరిలో కాచే పెట్టె, అన్నీ చూసింది. ఎక్కడా తప్పు దొరకలేదు. దొరకనందుకు కాస్త వెలితిగా కూడా ఉంది.

ఇప్పుడు ప్రశ్నలు అటువైపు నుంచి మొదలయ్యాయి. "షుగరుందా అమ్మా? రక్తం పలచబడే మాత్రలు ఏమన్నా వాడుతున్నారా? దెబ్బ తగిలితే తొందరగా మానుతుందా?"

"షుగరుంది. గోలీలు ఏసుకుంట. అదుపుల్నే ఉంది."

"మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఒకటుంటుంది కదండీ, అది చేయించి, డాక్టరు గారిని కూడా ఒక మాట అడిగి రండి. ఇవాళ చెయ్యను. వచ్చేటప్పుడు పొద్దున పూట రండి, పాత రంగు ఎండ వెలుగులో చూడాలి."

బయటికొచ్చాక దోర్కమ్మ మొహం పండగలా ఉంది.

"చెయ్యనన్నది గద మమ్మీ, గంత ఖుషీ ఎందుకు?"

"చెయ్యనన్నది, అందుకే."

వారం తర్వాత రిపోర్టు బాగానే వచ్చింది. డాక్టరూ సరేనన్నాడు. ఈసారి శాంతయ్య కూడా బయల్దేరాడు, జేబులో తన పాత వెర్నియర్ పెట్టుకుని. లేత్ మిషను దగ్గర ఇనుప ముక్కలు కొలిచిన ఆ సాధనంతో భార్య చేతి మీద శాకూ తకూ మధ్యనున్న సందును కొలిచి, "రెండు పాయింటు నాలుగు మిల్లీమీటర్లు" అని ప్రకటించాడు.

సుష్మ నవ్వలేదు. ఆ అంకెను కాగితం మీద రాసుకుని, చేతిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది.

"కుదరదమ్మా" అంది.

నిస్సి తల్లి చేతి మీదికి వంగింది.

"ఇంకు చర్మంలో మెల్లగా పరుచుకుంటుందండీ. ఇంత ఇరుకులో సున్న పెడితే ఆరేడేళ్లలో లోపల పూడిపోయి ఉట్టి చుక్క అయిపోతుంది. ఆ చుక్క శాకి అంటుకుంటే పేరు మొత్తం చెడుతుంది."

"మరి ఉప్పల్ల పిలగాడు రెండు నిమిషాల పనన్నడు?"

"రెండు నిమిషాలే. ఆరేళ్ల తర్వాత మీరు అతని దగ్గరికి వెళ్లరు కదా."

దోర్కమ్మ చేయి ఒడిలోకి తీసుకుంది. ఇన్ని దుకాణాలు తిరిగి ఒక మంచి చేయి దొరికితే, ఆ చేయే కాదంటోంది. కాదనే మాట నిజమని కూడా తెలుస్తోంది. సుష్మ ఆమెను ఓదార్చడానికి అన్నట్టు మళ్లీ అంది, "పొడిచినావిడ మాత్రం గొప్ప మనిషండీ. లోతు ఎక్కడా తేడా లేదు. యవత్తు చూడండి, ఎంత ముద్దుగా తిప్పిందో. ఇంత చూసి పొడిచిన మనిషి సున్న వదిలేయదు. కాగితం మీదే లేదేమో."

దోర్కమ్మ తలొంచుకుంది. శాంతయ్య వెర్నియర్ జేబులో పెట్టుకోబోతూ ఆగాడు.

"ఏమే?"

"కాయితం నేనే రాసిన" అంది ఆమె. "పక్కింటి పోరగాడు రాసిస్తనన్నడు. నేనే వద్దన్న. నీ పేరు నా చేత్తోనే రాయాలనిపించింది. బడి మానేసినంక నేను రాసిన మొదటి మాట అదే. సున్న సంగతి నాకప్పుడు తెల్వది. ఆ ముసలామె నేను రాసింది రాసినట్టే పొడిచింది."

"ముప్పై తొమ్మిదేండ్ల సంది ఆ ముసల్దాన్ని తిట్టినవు గదనే!"

"తిట్టిన."

"సచ్చిపోయి కూడ తిట్లు తిన్నది పాపం!" అంటూ శాంతయ్య నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వు మొదలైతే ముందు భుజాలు కదిలేవి, తర్వాత పొట్ట, అన్నిటికీ చివర శబ్దం వచ్చేది. కుర్చీ చేతులు పట్టుకుని నవ్వాడు. నిస్సి నవ్వింది. సుష్మ కూడా ఆపుకోలేకపోయింది. నవ్వు తగ్గాక శాంతయ్య కళ్లు ఒత్తుకుని భార్య చేయి మళ్లీ దగ్గరికి తీసుకుని, ఆ అక్షరాలను కొత్తగా చూశాడు. "నువ్వు రాసినవా ఇది?" అన్నాడు, ఈసారి మెల్లగా.

దోర్కమ్మకు ఏదో తట్టింది. బల్ల మీదున్న, చర్మం మీద గుర్తులు పెట్టే ఊదారంగు పెన్ను చేతిలోకి తీసుకుంది.

"తప్పు నాదైతే దిద్దుడు కూడ నాదే గద. మా గదిల రిజిస్టర్లకు రూలు గిట్లుంటది. తప్పును గీకొద్దు. దాని మీద రాయొద్దు. తప్పు కనపడాలె, దిద్దింది కనపడాలె, దిద్దినోళ్ల పొట్టి సంతకం పక్కన ఉండాలె."

అంటూనే ఎడమచేత్తో, కాస్త వంకరగా, శాకూ తకూ మధ్య సందు కింద ఒక గుర్తు గీసింది. రెండు చిన్న గీతలు కొసలు కలిసి పైకి చూస్తున్నట్టు. దానికి సూటిగా, అక్షరాల వరుసకు పైన, చోటు ధారాళంగా ఉన్నచోట, నిండైన సున్న చుట్టింది.

సుష్మ నోటి మీద చేయి వేసుకుంది.

"హంసపాదు!"

"గదేంది?"

"ఈ గుర్తు పేరమ్మా. రాతలో అక్షరం పడిపోతే కింద హంస కాలిలా గీసి, పైన అక్షరం పెడతారు. నాన్న బోర్డు మీద ఏదన్నా మరిచిపోతే, షాపు ఓనరు చూసేలోపు సుద్దముక్కతో ఇలాగే పెట్టుకునేవారు."

"ఇన్నేండ్లు పెట్టిన గని దాని పేరు తెల్వది" అంది దోర్కమ్మ. "మంచిగుంది పేరు."

"ఇక్కడ సున్న ఎంత పెద్దదైనా పెట్టొచ్చు. పూడిపోదు." సుష్మ అప్పటికే ఆకుపచ్చలో నీలం, ఒక చుక్క నలుపు కలుపుతోంది. కలిపి, కాగితం మీద రాసి, చేతి పక్కన పెట్టి ఎండలో పోల్చింది. నాలుగోసారికి తృప్తిపడింది. "అయినా కొత్తది కొంచెం కొట్టొచ్చినట్టే కనిపిస్తుందండీ."

"కనపడనీ. దిద్దింది కనపడాలని గద చెప్పిన."

సూది మిషను బుర్రుమనగానే శాంతయ్య లేచి, చాయ్ తాగొస్తానని వెళ్లిపోయాడు. వేళ్లలో ఇనుప రజను దిగినా పట్టించుకోని మనిషి. దోర్కమ్మ మాత్రం కదలకుండా కూర్చుని, సుష్మ చేతి తొడుగు, కప్పు, సూది కొస, ఒకదాని తర్వాత ఒకటి చూస్తూనే ఉంది. నొప్పి ఉందా అని నిస్సి అడిగితే, "మాట్లాడియ్యకు, ఆమె పని జేస్తుంది" అంది. పావుగంటలో హంసపాదు, సున్న అయిపోయాయి. చివర దోర్కమ్మ అడిగి మరీ, పేరు కింద ఒక మూలన, చీమంత 'దో' పెట్టించుకుంది. పొట్టి సంతకం.

శాంతయ్య తిరిగొచ్చి పలుచని ప్లాస్టిక్ పొర కింద మెరుస్తున్న అక్షరాల మీద వంగాడు. చేయి తగలకుండా గాలిలోనే వేలు పెట్టి చదివాడు.

"శా... ఇగో ఈడ మెట్లెక్కాలె... సున్న... మళ్ల దిగాలె... తయ్య." ఊపిరి వదిలాడు. "శాంతయ్య. అయితే ఇగ శాతయ్య వోయినట్టేనా?"

"యాడికి పోతడు? కిందనే ఉన్నడు. నువ్వు పైకెక్కి కూసున్నవ్."

మానడానికి రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత ఎవరింటికి వెళ్లినా, ఎవరు ఇంటికొచ్చినా, శాంతయ్యదే మొదటి మాట: "మా ఆమె చెయ్యి సదువుండ్రి." నరేందర్ చదివాడు. పాస్టరుగారు కళ్లద్దాలు సవరించుకుని చదివారు. నాగచైతన్య ఒకరోజు సూదుల ప్యాకెట్లు సంచిలో వేసుకుని చూపించడానికి వచ్చి, అతనూ చదివాడు. ఆ తర్వాత శాంతయ్య బతికిన రెండేళ్లూ అదే వేడుక. ఒకటే నియమం పెట్టాడు. హంసపాదు దగ్గర వేలు పైకెత్తి, సున్న మీద ఆగి, మళ్లీ కిందికి దించాలి. ఎత్తకుండా గబగబా చదివేసినవాళ్లకు ఆ ఇంట్లో చాయ్ లేదు.